ట్రైనీయా, అప్రెంటిసా? ముందు కాగితం చూడండి

ప్రశ్న: ఇంటర్ చదివాను. జహీరాబాద్ దగ్గర వాహన విడిభాగాల ఫ్యాక్టరీలో ఏడాదిపాటు ‘ట్రైనీ’గా మెషీన్ మీద చేశాను. సెక్టార్ స్కిల్ కౌన్సిల్ సర్టిఫికెట్, ఆపైన పర్మనెంట్ ఉద్యోగం ఇస్తామన్నారు. ఏడాది నిండాక రెండూ లేవంటున్నారు. చివరి రెండు నెలల స్టైపెండూ రాలేదు. కౌన్సిల్ మీద కేసు వేయవచ్చా?

జవాబు: కౌన్సిల్ మీద వేసి ప్రయోజనం లేదు. స్కిల్ కౌన్సిళ్లు ఆయా రంగాల పరిశ్రమలే ముందుండి నడిపే సంస్థలు. మీ రంగానిది ఆటోమోటివ్ స్కిల్స్ డెవలప్‌మెంట్ కౌన్సిల్. ఏ పనికి ఏ నైపుణ్యం కావాలో ప్రమాణాలు రాయడం, పరీక్ష పెట్టించి సర్టిఫికెట్ ఇవ్వడం దాని పని. అది మీ యజమాని కాదు. మిమ్మల్ని పరీక్షకు నమోదు చేశారా లేదా అని మాత్రం అక్కడ రాతపూర్వకంగా అడగండి. కంపెనీ లెటర్‌హెడ్ మీద ఇచ్చే శిక్షణ పత్రం కౌన్సిల్ సర్టిఫికెట్ కాదు. చాలామంది మోసపోయేది ఇక్కడే.

కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో మీ పేరిట అప్రెంటిస్ కాంట్రాక్టు ఉందేమో చూడండి. ఉంటే 1961 అప్రెంటిస్‌ల చట్టం వర్తిస్తుంది. ట్రేడ్ పేరు, మొదలు, ముగింపు తేదీలతో సహా ప్రింటు తీసుకోండి. ఏ నెల స్టైపెండ్ అయినా మరుసటి నెల 10వ తేదీలోగా ఇవ్వాలి. బ్యాంకు స్టేట్‌మెంటు జతచేసి, సెక్షన్ 20 కింద అప్రెంటిస్‌షిప్ అడ్వైజరుకు (ఈ చట్టం కింద ప్రభుత్వం నియమించే అధికారి) ఫిర్యాదు ఇవ్వండి. ఆయన నిర్ణయం మీకు అందిన 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు.

ఉద్యోగం సంగతి కష్టం. కాంట్రాక్టులోనే రాసి ఉంటే తప్ప, సెక్షన్ 22 ప్రకారం యజమాని ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదు. నోటిమాట నిలబడదు. అయితే 2014 సవరణ తర్వాత, శిక్షణ ముగించినవారి నియామకంపై ప్రతి యాజమాన్యం ఒక విధానం రూపొందించుకోవాలి. దాని నకలు అడగండి. అర్హతలు సమానమైతే శిక్షణ పొందినవారికే ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది.

పోర్టల్‌లో మీ పేరే లేదనుకోండి. కాంట్రాక్టు రాసుకున్నా దాన్ని రిజిస్టర్ చేయనంత మాత్రాన మీరు కార్మికుడు అయిపోరు. 2004లో సుప్రీంకోర్టు తేల్చిన మాట ఇది. అసలు కాంట్రాక్టే లేకుండా షిఫ్టులో ఉత్పత్తి చేయించుకుని ఉంటే మాత్రం మీ వాదనకు బలం ఉంది. కనీస వేతనం కోరుతూ కార్మిక శాఖ సహాయ కమిషనరుకు, పీఎఫ్ కోసం ఈపీఎఫ్‌వో (భవిష్య నిధి సంస్థ) కార్యాలయానికి అర్జీ పెట్టండి. మీ పేరు, మెషీన్ నంబరు, ఏ షిఫ్టులో ఎన్ని పీసులో రాసిన ప్రొడక్షన్ షీటు ఫోటో ఒక్కటున్నా ఎంతో పనికొస్తుంది. గేట్ పాసు, సూపర్‌వైజరు వాట్సాప్ మెసేజ్‌లు కూడా చెరపకండి.

బకాయి స్టైపెండ్ ఇస్తామని పిలిచి, ‘నాకు రావలసినదంతా ముట్టింది’ అనే కాగితం మీద సంతకం అడగవచ్చు. పెట్టకండి. తప్పనిసరైతే ముట్టిన సొమ్ము, ఏ నెలలదో మీ చేత్తో రాసి, ‘మిగతా హక్కులు వదులుకోకుండా’ అని చేర్చి సంతకం చేయండి.