స్టడ్స్ కొనేముందు గ్రౌండ్ చూడండి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ఫుట్‌బాల్ బూట్లు

మా బాబుకు 11 ఏళ్లు. రోజూ మొరం గ్రౌండ్‌లో ఫుట్‌బాల్ ఆడతడు. రెండు నెలల కింద స్టడ్స్ షూ (సోల్ కింద గుబ్బలుండేవి) కొనిచ్చినం. ఇప్పుడు ఆట అయినంక మడమ నొప్పని కుంటుతున్నడు. షూ మార్చాలా, ఆటే మానిపించాలా?
– ఓ తల్లి, హనుమకొండ

ఆట పూర్తిగా మానిపించనక్కర లేదు, కొన్నాళ్లు ఆపితే చాలు. షూ మాత్రం మార్చాలి.

8 నుంచి 14 ఏళ్ల మధ్య పిల్లల మడమ ఎముక ఇంకా పెరుగుతూ ఉంటుంది. ఆ ఎముక వెనుక భాగంలో మెత్తటి పెరుగుదల పొర ఉంటుంది. పిక్క కండరం నుంచి దిగే నరం లాంటి గట్టి పట్టీ సరిగ్గా అక్కడే అతుక్కుని ఉంటుంది. పరిగెత్తిన ప్రతిసారీ అది పొరను గుంజుతుంది, కింద నుంచి నేల గుద్దుతుంది. దీన్ని డాక్టర్లు సెవర్స్ అంటారు. పేరు వినడానికి భయంగా ఉన్నా ఎముక ఎదుగుదల పూర్తయ్యాక తగ్గిపోయేదే.

స్టడ్స్ దీన్ని పెంచే తీరు ఇదీ. స్టడ్ మెత్తటి గడ్డినేలలో దిగడానికి చేసిన వస్తువు. అది నేలలో దిగితేనే అరికాలు నేలకు ఆనుతుంది. ఎండిన మొరం మీద దిగదు కాబట్టి పిల్లవాడి బరువంతా మడమ కింది నాలుగు గుబ్బల మీదే పడుతుంది. పైగా ఈ బూట్లలో మడమ కింద మెత్త చాలా పలచన.

ముందు ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. మడమను రెండు పక్కల నుంచి బొటనవేలు, చూపుడువేలుతో నొక్కండి. అక్కడే ‘అబ్బా’ అంటే చాలావరకు ఇదే. రెండు వారాలు పరుగెత్తడం, దూకడం ఆపండి. ఆ రోజుల్లో సైకిల్ తొక్కొచ్చు. ఐసు ముక్కలను బట్టలో చుట్టి 10–15 నిమిషాలు పెట్టండి. గోడకు చేతులానించి, వెనుక కాలు మడమ ఎత్తకుండా పిక్కను సాగదీయించండి. ఒక్కో కాలికి 30 సెకన్ల చొప్పున మూడుసార్లు, రోజుకు రెండు పూటలు. తరువాత టర్ఫ్ షూతో (సోల్ నిండా చిన్న రబ్బరు గుబ్బలుండేది), సగం సమయంతో ఆట మొదలుపెట్టాలి. వాపు ఉన్నా, రాత్రి నిద్రలో నొప్పి లేపుతున్నా, కిందపడ్డాక మొదలైన నొప్పి అయినా ఆగకుండా ఎముకల డాక్టర్‌కు చూపించండి.

షాపులో ఎఫ్‌జీ, ఎస్‌జీ, ఏజీ, టీఎఫ్ అని నాలుగు రకాలు చూపించారు. మా కాలేజీ గ్రౌండ్‌లో గడ్డి అక్కడక్కడే ఉంటుంది. వారానికోసారి బాక్స్ టర్ఫ్‌లో (కృత్రిమ గడ్డి పరిచిన చిన్న మైదానం) కూడా ఆడతాం. ఏది కొనాలి?
– డిగ్రీ విద్యార్థి, కాజీపేట

టీఎఫ్, అంటే టర్ఫ్ షూ. ఈ నాలుగింటిలో మీకు రెండు చోట్లా పనికొచ్చేది అదొక్కటే. సోల్ నిండా చిన్న చిన్న రబ్బరు గుబ్బలుంటాయి, పాదం కింద మెత్త కూడా ఉంటుంది.

ఎఫ్‌జీ సహజమైన గడ్డి కోసం. సోల్‌తోపాటే పోతపోసిన 10–14 గుబ్బలుంటాయి. ఎస్‌జీ తడి గడ్డినేలకు. మర బిగించే గుబ్బలు, ఎక్కువగా ఆరు: ముందు నాలుగు, వెనుక రెండు, కొసన లోహం. మన దగ్గర దాని ఊసే వద్దు. వానాకాలంలో రేగడి బురదలో ఆడటానికని కొంటారు కొందరు, కానీ రేగడి గుబ్బల సందుల్లో ముద్దగా పట్టేస్తుంది, ఐదు నిమిషాల్లో సోల్ నున్నగా తయారై కాలు జారుతుంది. ఏజీ కృత్రిమ గడ్డికి చేసింది. గుబ్బలు పొట్టిగా, ఎక్కువగా ఉంటాయి. టర్ఫ్ మీద ఎఫ్‌జీతో ఆడితే గుబ్బ నారలో చిక్కుకుంటుంది, పాదం ఆగిపోయి ఒళ్లు మాత్రం తిరుగుతుంది. మోకాలి లోపలి బంధనం (ఏసీఎల్ లిగమెంట్) తెగేది ఇలాంటి క్షణంలోనే. కత్తి ఆకారపు గుబ్బలకన్నా గుండ్రటివి మలుపులో తేలిగ్గా తిరుగుతాయి. అమ్మాయిల్లో ఈ గాయం అబ్బాయిలకన్నా ఎక్కువ కాబట్టి వాళ్లకు గుండ్రటివే చూడండి.

అనుమానం ఉంటే బండి తాళంచెవి గ్రౌండ్‌లో గుచ్చి చూడండి. చేతి బలంతో సెంటీమీటరైనా దిగకపోతే స్టడ్ కూడా దిగదు. ఎండాకాలంలో చల్క నేలల మీద తాళంచెవి వంగడం తప్ప ఏమీ జరగదు. వానలు పడి గడ్డి పట్టినప్పుడు ఎఫ్‌జీ వాడుకోవచ్చు.

సైజు సాయంత్రం చూసుకోండి. రోజంతా నడిచాక పాదం కొంచెం ఉబ్బుతుంది. ఆటలో వేసుకునే మేజోళ్లే వేసుకుని నిలబడాలి. బొటనవేలి ముందు అర సెంటీమీటరు నుంచి ముప్పావు దాకా జాగా చాలు. పిల్లలకైతే ఒక సెంటీమీటరు. ‘వచ్చే ఏడు కూడా వస్తాయి’ అని రెండు సైజులు పెద్దవి కొంటే పాదం లోపల జారి గోళ్లు నల్లబడతాయి. తోలు కొద్దిగా సాగుతుంది, సింథటిక్ సాగదు. అందుకే వెడల్పు పాదాలవాళ్లు షాపులోనే అన్నీ చూసుకోవాలి.

చెప్పుల్లేకుండా ఆడతామన్నందుకే 1950 వరల్డ్ కప్‌కు మనవాళ్లను రానివ్వలేదంటారు. నిజమేనా?
– ఉపాధ్యాయుడు, కరీంనగర్

చెప్పుకోవడానికి బాగుంటుంది గానీ నిజం కాదు. భారత్‌కు బ్రెజిల్ ఆహ్వానం అందింది, ప్రయాణ ఖర్చులో చాలా భాగం భరిస్తామని కూడా నిర్వాహకులు ముందుకొచ్చారు. జట్టు ఎంపికలో చిక్కులు, సాధనకు సమయం లేదన్న కారణాలు చూపి మన సమాఖ్యే తప్పుకుంది. అప్పట్లో ఒలింపిక్స్‌కు ఇచ్చిన విలువ వరల్డ్ కప్‌కు ఇవ్వలేదు.

అయితే ఉత్త కాళ్ల ఆట మాత్రం వాస్తవమే. 1911లో కోల్‌కతా క్లబ్ మోహన్ బగాన్ జట్టు దాదాపు అందరూ ఉత్త కాళ్లతోనే బ్రిటిష్ సైనిక జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2–1తో ఓడించి ఐఎఫ్‌ఏ షీల్డ్ గెలిచింది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్ చేతిలో 1–2తో ఓడిన జట్టులోనూ చాలామందికి బూట్లు లేవు. ఆ మ్యాచ్‌లో మనవాళ్ల రెండు పెనాల్టీలు వృథా అయ్యాయి. మలుపు 1952 ఒలింపిక్స్‌లో, హెల్సింకీ చలిలో వచ్చింది. యుగోస్లావియా 10–1తో చితక్కొట్టింది. ఆ తరువాతే మన దేశంలో బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో బూట్లతో ఆడిన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. కోచ్ మన హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం.

స్టడ్స్ ఎవరు కనిపెట్టారు?
– జనగామ

ఒక్కరు కాదు. 1526లో ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ కోసం 4 షిల్లింగులకు ఫుట్‌బాల్ బూట్లు కుట్టించిన లెక్క ఉంది. 1863 నాటి తొలి నియమావళి బూట్ల కింద పొడుచుకొచ్చే మేకులు, ఇనుప రేకులు వద్దంది. ఎదుటివాడి పిక్క చీలిపోతుందనే. 1891లో తోలు గుబ్బలకు అనుమతి దొరికింది, అదీ అరంగుళానికి మించకుండా. మర బిగించే స్టడ్స్‌కు పేరొచ్చింది 1954 వరల్డ్ కప్ బెర్న్ ఫైనల్‌తో. వానలో తడిసిన మైదానంలో పశ్చిమ జర్మనీ, హంగరీకి రెండు గోల్స్ వెనుకబడి కూడా 3–2తో గెలిచింది. పశ్చిమ జర్మనీ బూట్లు అడిడాస్ స్థాపకుడు అడీ డాస్లర్‌వి. తొలుత చేసింది మేమేనని ఆయన అన్న రూడాల్ఫ్ కంపెనీ పూమా కూడా అంటుంది.

వానలో తడిసిన బూట్లు ఎండలో పెడితే ముందు సోల్ నోరు తెరిచింది. బాగవుతుందా?
– నర్సంపేట

అవుతుంది. తప్పు ఎండది. సోల్‌ను పట్టి ఉంచేది జిగురే, అది వేడికి మెత్తబడి వదులుతుంది. తెరుచుకున్న చోట పాత జిగురు గీకి, గరుకు కాగితంతో రుద్ది, పూర్తిగా ఆరనివ్వండి. చెప్పులు కుట్టేవారు వాడే సొల్యూషన్ రెండు వైపులా పలచగా పూసి, చేతికి అంటనంత ఆరాక అదిమి, తాడు చుట్టి ఒక రోజు ఉంచండి. క్షణంలో అంటుకునే గమ్ వద్దు. అది గాజులా గట్టిపడి, పాదం వంగగానే పగులుతుంది. తరువాత అంచు చుట్టూ నైలాన్ దారంతో కుట్టించండి, గుబ్బల మీదుగా కాకుండా వాటి సందుల్లోంచి.

ఇకమీద తడిస్తే లేసులు, లోపలి పట్టీ తీసి, పాత పేపర్లు కుక్కి, ఫ్యాన్ గాలికి నీడలో పెట్టండి. గంటకోసారి పేపరు మార్చాలి. గుబ్బలు సగానికి అరిగిన జత అయితే ఈ కుట్టుకూలి దండగ.