సీలు తీసినంత మాత్రాన వారంటీ పోతుందా?

ప్రశ్న: వకీలు గారికి నమస్కారం. మాది కాజీపేట. ఇంటి ముందు గదిలో డీటీపీ సెంటర్ పెట్టుకొని బతుకుతున్నాను. మూడేళ్ల వారంటీతో ఒక కంపెనీ కంప్యూటర్ కొన్నాను. పెద్ద ఫ్లెక్సీ ఫైళ్లు తెరిస్తే ఆగిపోతోందని, డబ్బా మీద కంపెనీ అంటించిన సీలు స్టిక్కర్ తీసి, కంపెనీ మాన్యువల్లో చూపినట్టే ఇంకో 8 జీబీ ర్యామ్ నేనే వేసుకున్నాను. బాగానే నడిచింది. ఇప్పుడు ఎస్‌ఎంపీఎస్, అంటే లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె, కాలిపోయింది. సీలు తీశారు కాబట్టి వారంటీ లేదని సర్వీస్ సెంటర్ వాళ్లు అంటున్నారు. ర్యామ్ పీకేసి, అసలు తెరవలేదని చెప్పమని దోస్తులు అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ దోస్తుల మాట వదిలేయండి. రేపు కేసు వేస్తే అఫిడవిట్ మీద సంతకం పెట్టాల్సింది మీరు. తెలిసి అబద్ధం రాస్తే అదే నేరమవుతుంది. పైగా దాచాల్సిన అవసరం మీకు లేదు. మీరు కొన్న మిషన్‌లో మీరు ర్యామ్ వేసుకోవడం తప్పు కాదు, కంపెనీ మాన్యువల్లో ఆ పద్ధతి ఉండటమే మీకు పెద్ద సాక్ష్యం. ఆ పేజీ ప్రింటు తీసి పెట్టుకోండి.

సీలు స్టిక్కర్లు అసలు చెల్లవని యూట్యూబ్‌లో చెప్పేవాళ్లు చాలావరకు అమెరికాలో 1975లో వచ్చిన వారంటీ చట్టాన్ని చూసి చెబుతారు. అది మనకు వర్తించదు. మన దగ్గర మీ వారంటీ కార్డులో ఏం రాసి ఉందో దాన్ని బట్టే వాదన మొదలవుతుంది. చాలా కార్డుల్లో ఉండేది, బయటివాళ్లు చేసిన మార్పు వల్ల నష్టం జరిగితే బాధ్యత లేదని. అలాంటప్పుడు ఆ మార్పు వల్లే ఎస్‌ఎంపీఎస్ కాలిందని కంపెనీ చూపించాలి. ఒక ర్యామ్ స్టిక్ లాగే కరెంటు కొన్ని వాట్లే. దానికే ఎస్‌ఎంపీఎస్ కాలిందంటే నిరూపించడం తేలిక కాదు. అదే ర్యామ్ స్లాట్ విరిగి ఉంటే, సరిపడని ర్యామ్ బలవంతంగా నొక్కి ఉంటే నేను ఇంత ధైర్యం చెప్పేవాణ్ని కాదు.

ఇంకో ఆసరా ఉంది. 2014 ఆగస్టులో, మార్కెట్లో కంపెనీల పోటీ సక్రమంగా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద ఇచ్చిన ఉత్తర్వులో, బయట రిపేరు చేయించారని వారంటీ మొత్తం రద్దు చేయకూడదని, ఆ రిపేరు లోపం వల్ల జరిగిన నష్టం మేరకే కాదనొచ్చని చెప్పింది. అది కార్ల వ్యవహారం. కంప్యూటర్లకు నేరుగా వర్తించదు, కానీ నోటీసులో తప్పక ప్రస్తావించదగ్గది.

డీటీపీ సెంటర్ కాబట్టి మీరు వ్యాపారి, వినియోగదారుడు కాదని కంపెనీ వకీలు అనొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(7) వివరణ చదవండి. స్వయం ఉపాధితో బతకడానికే కొని, స్వయంగా వాడుకుంటే వినియోగదారుడే. మిషన్ ముందు కూర్చుని పని చేసేది మీరేనని ఫిర్యాదులో స్పష్టంగా రాయండి.

ఇప్పుడు చేయాల్సిన పని: వారంటీ ఎందుకు ఇవ్వరో జాబ్ షీట్ (సర్వీస్ సెంటర్ వాళ్లు ఇచ్చే రిపేరు కాగితం) మీద రాసివ్వమని అడగండి. నోటిమాటతో తిరిగి రావద్దు. రాసివ్వకపోతే అదే విషయం కంపెనీకి మెయిల్ పెట్టండి. తర్వాత 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు కూడా ఫిర్యాదు చేయండి. ఇంత చిన్న భాగం విషయంలో చాలా కంపెనీలు అక్కడే దిగి వస్తాయి. రాకపోతే కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా సరే, మీరుండే చోటనే, అంటే వరంగల్ వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. కొన్న ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. కేసు వేయడానికి గడువు రెండేళ్లు.

పెళ్లిళ్ల సీజన్‌లో మిషన్ ఆపుకొని కూర్చోలేరని నాకు తెలుసు. నోటీసు గడువు దాటాక బయట వేరే ఎస్‌ఎంపీఎస్ బిల్లుతో కొని వేయించుకోండి, ఆ డబ్బు ఫిర్యాదులో అడగండి. కాలిపోయినదాన్ని మాత్రం ఫొటోలు తీసి, కవర్లో పెట్టి దాచండి. పరీక్ష అవసరమైతే కమిషన్ దాన్ని ల్యాబ్‌కు పంపించగలదు. పాతసామాను వాడికి ఇచ్చేస్తే మీ కేసులో సగం బలం పోయినట్టే.