ఒడిశా రాయగడలో సైన్స్ కిట్, యాప్ చేస్తున్నాం: బ్యాంకు లోనా, గ్రాంటా?

మీరు ఇద్దరు, 6–10 తరగతులకు సైన్స్ యాప్, దానికి తోడు ఉష్ణోగ్రత, వెలుతురు కొలిచే సెన్సార్ కిట్, కావలసింది 12 లక్షలు. బ్యాంకు గడప తొక్కేముందు వ్యాపారం వ్యక్తి పేరుతోనా, కంపెనీ పేరుతోనా అన్నది తేల్చుకోండి. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. ఎవరో చెప్పారని ప్రైవేట్ లిమిటెడ్ పెట్టేసి, ఆనక పీఎంఈజీపీకి (కొత్త యూనిట్లకు బ్యాంకు లోనుతో పాటు సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం) వెళ్తారు. అందులో ప్రైవేట్ లిమిటెడ్‌కు చోటు లేదు. కొత్త కంపెనీలకు కేంద్రం ఇచ్చే స్టార్టప్ ఇండియా గుర్తింపుకేమో సొంత పేరు మీది ప్రొప్రైటర్‌షిప్ చెల్లదు.

పీఎంఈజీపీలో ప్రాజెక్టు ఖర్చు తయారీకి 50 లక్షలు, సేవలకు 20 లక్షల దాకా ఒప్పుకుంటారు. సబ్సిడీ పల్లెలో జనరల్ వాళ్లకు 25 శాతం. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు 35. పట్టణంలో అదే 15, 25. అంటే 35 శాతం వర్గంవారు రాయగడ మున్సిపాలిటీ దాటి పంచాయతీలో షెడ్డు చూసుకుంటే 12 లక్షల మీద పట్టణం కంటే 1.2 లక్షలు మిగులుతాయి. అయితే సబ్సిడీ చేతికి రాదు, మూడేళ్లు బ్యాంకులోనే ఉంటుంది. కొత్త యూనిట్లకే ఇస్తారు కాబట్టి, అదే పనికి ముందుగా ముద్ర లోన్ తీసుకోవద్దు. ప్రాజెక్టు రిపోర్టులో జీతాలూ యాప్ ఖర్చే కనబడితే దరఖాస్తు వెనక్కొస్తుంది. పెట్టుబడి సామగ్రి ఉండాలి. కిట్ తయారీగా రాసి సోల్డరింగ్ స్టేషన్లు, 3డీ ప్రింటర్, టెస్టింగ్ బల్ల చూపించండి. స్థలం ధర మాత్రం కలపకూడదు. ఈ ఏడాది దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో ముందు డీఐసీలో (జిల్లా పరిశ్రమల కేంద్రం) కనుక్కోండి.

గ్రాంట్లలో కేంద్ర సైన్స్ శాఖ పథకం నిధి ప్రయాస్ 10 లక్షల దాకా ఇస్తుంది, అదీ చేత్తో పట్టుకునే వస్తువు నమూనాకే. ఉత్త యాప్ తీసుకెళ్తే తిప్పి పంపుతారు, కిట్ ముందు పెట్టండి. 2021లో మొదలైన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్‌లో నమూనా, ట్రయల్స్‌కు 20 లక్షల దాకా గ్రాంటు ఉంది. షరతులు: కంపెనీ పెట్టి రెండేళ్లు దాటకూడదు, వేరే ప్రభుత్వ పథకాల నుంచి 10 లక్షలకు మించి తీసుకుని ఉండకూడదు. డబ్బు ఇంక్యుబేటర్ (స్టార్టప్‌లకు చేయూతనిచ్చే కేంద్రం) చేతుల మీదుగా విడతల్లో వస్తుంది. దాని దగ్గర నిధి మిగిలి ఉందో లేదో అడిగాకే ఫారం నింపండి. విడత లక్ష్యాలు రాసేటప్పుడు స్కూలు క్యాలెండర్ ఎదురుగా పెట్టుకోవాలి. మే నెలలోనో, పరీక్షల వేళ మార్చిలోనో ట్రయల్ అని రాస్తే స్కూలు దొరకదు, విడత ఆగిపోతుంది.

ఇక కొనేదెవరు? 31–100 మంది పిల్లలున్న సర్కారు బడికి సమగ్ర శిక్ష పథకం కింద కాంపోజిట్ (అన్ని ఖర్చులకూ కలిపి ఇచ్చే) గ్రాంటు ఏడాదికి 25 వేలు. రిపేర్లు, సుద్దముక్కలు, మరుగుదొడ్ల శుభ్రత అన్నీ అందులోనే. మీ 18 వేల రూపాయల కిట్ హెడ్మాస్టరు కొంటారనుకోవడం అత్యాశే. జిల్లా స్థాయిలో జెమ్ పోర్టల్ (ప్రభుత్వ కొనుగోళ్ల వెబ్‌సైట్) ద్వారా జరిగే కొనుగోళ్లు చూడండి. లేదా సీఎస్ఆర్ (కంపెనీలు సమాజం కోసం పెట్టే ఖర్చు): చుట్టుపక్కల దామంజోడిలో నాల్కో, కాశీపూర్ వైపు ఉత్కళ్ అల్యూమినా, జేకేపూర్‌లో జేకే పేపర్ ఉన్నాయి. లాభాపేక్ష ఉన్న కంపెనీకి సీఎస్ఆర్ విరాళంగా రాదు. ఆ డబ్బు తీసుకోవడానికి కావలసిన సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ ప్రాజెక్టు తీసుకుని మీ దగ్గర కొనాలి, కాబట్టి కొటేషన్ ఆ సంస్థకే ఇవ్వండి.

సరుకు పంపేలోపు ఉద్యమ్ (చిన్న పరిశ్రమల పోర్టల్) నమోదు అయి ఉండాలి. 2006 చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం 45 రోజుల్లో బిల్లు చెల్లించాలి, దాటితే బ్యాంక్ రేటుకు మూడింతల చక్రవడ్డీ. కాగితం మీద బాగానే ఉంటుంది గానీ, కొన్న ఆఫీసు మీదే ఫిర్యాదు చేసి మళ్లీ ఆర్డరు తెచ్చుకోవడం కష్టం.

అందుకే మీ విషయంలో నా ఓటు గ్రాంటుకు. స్కూళ్ల డబ్బు ఆలస్యంగా వస్తుంది, బ్యాంకు వాయిదా ఆలస్యం కాదు. ఇంక్యుబేటర్ ముందుకు వెళ్లేటప్పుడు రెండు తీసుకెళ్లండి: ట్రయల్‌కు ఒప్పుకుంటూ హెడ్మాస్టర్లు రాసిచ్చిన ఉత్తరాలు; ఒడిశా పాఠ్యపుస్తకంలో ఏ పాఠానికి ఏ ప్రయోగమో చూపే పట్టిక. నెట్ లేకుండా యాప్ నడవదంటే మాత్రం ముందు అది సరిచేసుకోండి. మొదట అడిగేది అదే.