బట్టల మార్పిడి పెట్టబోతున్న అమ్మడికి

విజయనగరం

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

శ్రీకాకుళంలో మీ వార్డులో బట్టల మార్పిడి జరిపించే పని కార్పొరేషన్ వాళ్లు మీ పొదుపు సంఘానికి అప్పజెప్పారని, నీకు టెన్షన్‌గా ఉందని నిన్న ఫోన్లో అన్నావు. ఫోన్లో అన్నీ చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను. ఇక్కడ విజయనగరంలో మూడు లాంతర్ల సెంటర్ దగ్గర ముప్పై ఏళ్లు జాకెట్లు కుట్టాను. మా వార్డులో ఇలాంటి మార్పిడి నాలుగు సార్లు జరిపించాను. మొదటిసారి చెడిపోయింది. ఎందుకు చెడిందో ముందు అది విను.

ఆ రోజు హాలు బయట బ్యానర్ మీద ‘పేదలకు పాత బట్టల పంపిణీ’ అని రాయించారు. నేనూ చూసి ఊరుకున్నాను. పొద్దున్నే బట్టలు బస్తాల్లో వచ్చిపడ్డాయి గానీ, మధ్యాహ్నం దాకా తీసుకోవడానికి ఒక్కరూ రాలేదు. చీకటి పడ్డాక ఇద్దరు ఆడవాళ్లు వెనక గుమ్మం దగ్గరికి వచ్చి, పిల్లల బట్టలు ఏమైనా మిగిలాయా అని నెమ్మదిగా అడిగారు. ఇద్దరూ మా వీధివాళ్లే. పగలంతా మా హాలు ముందు నుంచి నాలుగు సార్లు వెళ్లినవాళ్లే.

అప్పుడు నాకు మీ జిల్లాలో చూసిన సంగతి ఒకటి గుర్తొచ్చింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది కదా. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు పడిపోయాయి. వారం తర్వాత మా సంఘం వాళ్లం బియ్యం, దుప్పట్లు పట్టుకుని వెళ్లాం. ఊరి మొదట్లో రోడ్డు పక్కన బట్టల కుప్ప ఉంది. ఎవరో లారీలో తెచ్చి దించేసి వెళ్లిపోయారు. హుక్కులు ఊడిన జాకెట్లు, జిప్పు పోయిన ప్యాంట్లు, చెమ్కీల గౌన్లు, ఒంటి మేజోళ్లు. ఒకావిడ అందులోంచి ఒక చీర తీసి విప్పి చూసింది. నడిమధ్యలో జానెడు చిరుగు ఉంది. ఆవిడ దాన్ని విసిరేయలేదు. మళ్లీ శుభ్రంగా మడతపెట్టి కుప్ప మీద పెట్టి వెళ్లిపోయింది.

అందుకని మొదట పేరు సరిచెయ్యి. బ్యానర్ మీద ‘పేదలు’ వద్దు, ‘పాత’ వద్దు, ‘పంపిణీ’ అసలే వద్దు. రెండోసారి మేము ‘బట్టల మార్పిడి – ఒకటి తెండి, ఒకటి పట్టుకెళ్లండి’ అని రాయించాం. ఇచ్చేవాళ్లకి ఒక గుమ్మం, తీసుకునేవాళ్లకి ఒక గుమ్మం పెట్టకు. అందరూ ఒకే బల్ల దగ్గరికి రావాలి, ఒకే చీటీ తీసుకోవాలి, ఒకే దండెం మీద ఎంచుకోవాలి. లెక్చరర్ గారి భార్య, వాళ్లింట్లో పనిచేసే అమ్మాయి పక్కపక్కన నిలబడి కుర్తాలు చూసుకున్న రోజున మా మార్పిడి నిలబడింది.

తెచ్చిన ఒక్కో బట్టకి ఒక చీటీ ఇవ్వు. పట్టుచీరకి, ప్యాంటు చొక్కా జతకి రెండు. అంతకు మించి ధరలు కట్టావంటే బల్ల దగ్గర బేరాలు మొదలవుతాయి. చిన్నపిల్లల బట్టలకి చీటీ అడగొద్దు. మార్చుకోవడానికి ఇంట్లో ఏమీ లేనివాళ్లు ఉంటారు. చెత్త బండి మీద పనిచేసే ఆడవాళ్లను, ఇళ్లల్లో పనిచేసేవాళ్లను ముందు రోజు బట్టలు విడదీసి మడతపెట్టే పనికి పిలువు. రెండు గంటల పనికి ఐదు చీటీలు. వాళ్లు మంచివన్నీ ముందే చూసుకుంటారని మా దగ్గర ఒకరు అభ్యంతరం చెప్పారు. చూసుకోనీ. పని చేసినవాళ్లకి ఆ మాత్రం హక్కు ఉండాలి.

బట్టలు ఎంచుకుంటున్నవాళ్లను ఫొటో తీయకూడదని ఆఫీసులో ముందే గట్టిగా చెప్పు. ఫొటో కావాలంటే దండేలను తీసుకోమను. నెలనెలా మూడో శనివారం ఊరు శుభ్రం చేసే స్వచ్ఛాంధ్ర కార్యక్రమం ఉంటుంది కాబట్టి అదే రోజు పెట్టేద్దాం అంటారు. ఒప్పుకోకు. ఆ రోజు సిబ్బంది అంతా రోడ్ల మీద ఉంటారు, హాల్లో నీకు సాయం దొరకదు. ఆ రోజు మైకులో చెప్పించుకో, మార్పిడి తర్వాతి ఆదివారం పెట్టు. కాలం అంటావా, సంక్రాంతి అయిన రెండు మూడు వారాలకు పెడితే అందరి బీరువాలూ నిండి ఉంటాయి, ఎండ కూడా బాగుంటుంది. వానాకాలంలో పెడితే బట్టలకి బూజు వాసన పట్టుకుంటుంది. మే నెలాఖరున ప్రైవేటు బడుల యూనిఫారాలకి విడిగా ఒకటి పెట్టినా మంచిదే. ఏడాదికి పిల్లాడు ఎదిగిపోతాడు, చొక్కా మాత్రం కొత్తగానే ఉంటుంది.

బట్టలు అదే రోజు తీసుకుంటే చూడడానికి తీరికుండదు. మూడు రోజుల ముందు నుంచి మీ వార్డు సచివాలయంలో తీసుకో. ఉతికి తెమ్మను, ఇస్త్రీ అవసరం లేదు. చంకల దగ్గర, కాలరు లోపల, ప్యాంటుకి తొడల మధ్య చూడు. పట్టుచీర అయితే మడతల దగ్గర వెలుతురుకి పట్టి చూడు, అది పిగిలేది అక్కడే. కలరా ఉండల వాసన ఉంటే ఒక పూట నీడలో ఆరెయ్యి. లోబట్టలు తీసుకోకు.

ఇంకొక సంగతి ఎవరూ పైకి అడగరు గానీ అందరి మనసులోనూ ఉంటుంది. ఇందులో పోయినవాళ్ల బట్టలు కలిశాయేమో అని. సంక్రాంతికి పెద్దలకి కొత్త బట్టలు పెట్టుకునేవాళ్లం, ఈ పట్టింపు మనకి ఉంటుంది. అది మూఢనమ్మకమని ఎవరితోనూ వాదించకు. ఇచ్చేవాళ్లని మెల్లగా అడుగు, ‘ఇవి ఎవరు కట్టుకున్నవండీ’ అని. మా దగ్గరికి ఒక పెద్దాయన పద్దెనిమిది చీరలు తెచ్చారు. ఇస్త్రీ చేసి, ఒక్కోదాని మడతలో పేపరు పెట్టి తెచ్చారు. ఆయన చెప్పకుండానే నాకు అర్థమైంది. వాటిని దండెం మీద వెయ్యలేదు. ఆరు నూలు చీరలతో రెండు బొంతలు కుట్టించి, ఒకటి ఆయనకే ఇచ్చాం. మిగతావాటితో సంచులు కుట్టాం. పట్టింపు లేనివాళ్లు అడిగితే విషయం చెప్పి ఇవ్వు. దాచి మాత్రం ఇవ్వకు. ఒక్కరికి తెలిసినా వచ్చే ఏడాది మీ వార్డులో ఎవరూ రారు.

కుట్టుమిషన్ లేకుండా ఈ పని మొదలుపెట్టకు. ఒకరి జాకెట్టు ఇంకొకరికి పట్టదు, జాకెట్టు లేదని చీర కూడా వదిలేసి వెళ్తారు. టైలరు కుట్టిన జాకెట్టుకి పక్కల్లో లోపల మార్జిన్ ఉంటుంది. ఒక వరస కుట్టు విప్పితే అంగుళం దాకా వదులవుతుంది, అది పది నిమిషాల పని. రెడీమేడ్ వాటికి ఆ మార్జిన్ ఉండదు, వాటిని ముందే పక్కన పెట్టు. గౌను అంచు విప్పి పొడుగు చెయ్యొచ్చు. చొక్కా కాలరు అరిగితే ఊడదీసి తిరగేసి కుట్టొచ్చు, ఇంకో రెండేళ్లు వస్తుంది. అక్కడికక్కడే సరిచేసి ఒంటికి పెట్టి చూపిస్తే, ఎవరిదో బట్ట అన్న ఆలోచన పోతుంది. హాల్లో ఒక మూల అద్దం, తెర తప్పకుండా పెట్టించు.

చివరికి మిగిలేవాటి గురించి. ఒక దారం లాగి అగ్గిపుల్ల వెలిగించి చూడు. నూలు అయితే కాగితంలా కాలి బూడిదవుతుంది, పాలిస్టరు కరిగి ఉండ కడుతుంది. నూలుకి ఎన్ని పనులో! పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, అంత సన్నగా నూలు వడికి నేసిన పంచె మా నాన్నకి ఒకటి ఉండేది. చిరిగాక తువ్వాలు అయింది, ఆ తర్వాత మీ అన్నయ్య పుట్టినప్పుడు పొత్తిగుడ్డలు అయింది. అంత చాకిరీతో పుట్టిన గుడ్డని చెత్త బండిలో వేస్తుంటే నాకు ఇప్పటికీ ప్రాణం ఒప్పదు. నూలువి బొంతలకి, మసిగుడ్డలకి, మెకానిక్ షెడ్లకి ఇవ్వు. పాలిస్టరు నీళ్లు పీల్చదు, తుడవడానికి పనికిరాదు, చెత్త యార్డులో వేస్తే ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటుంది. సంచులు కుట్టించు. పాత ఉన్ని బట్టలు చింపి మళ్లీ దారం తీసి కంబళ్లు నేసేవాళ్లు పానిపట్టులో ఉన్నారు. అయితే ఒక్క వార్డు సరుక్కి అంత దూరం నుంచి ఎవరూ రారు, కార్పొరేషన్ అన్ని వార్డులవీ ఒకచోట చేర్చాలి.

అది వాళ్లని అడిగే హక్కు నీకు ఉంది. 2023 మేలో స్వచ్ఛ భారత్ మిషన్ కింద దేశమంతా పట్టణాల్లో ఆర్.ఆర్.ఆర్. (రెడ్యూస్, రీయూజ్, రీసైకిల్ – అంటే వాడకం తగ్గించడం, ఉన్నదే మళ్లీ వాడడం, పాతదాన్ని కొత్తగా మార్చడం) కేంద్రాలు తెరిచారు. వాడిన బట్టలు, చెప్పులు, పుస్తకాలు, బొమ్మలు తీసుకోవడానికే అవి. మీ వార్డుకి ఏడాది పొడుగునా ఒక గది, రెండు బీరువాలు ఇమ్మని కాగితం మీద రాసి ఇవ్వు.

పాత బట్టలకి స్టీలు గిన్నెలు ఇచ్చే ఆడవాళ్లను కూడా చివరి గంటలో పిలువు. బట్టల మార్పిడి మనకంటే ముందు నుంచి చేస్తున్నది వాళ్లే. ఏ చీర ఎన్నాళ్లు వస్తుందో చేత్తో పట్టుకుని చెప్పేస్తారు. నేను వాళ్ల దగ్గరే చాలా నేర్చుకున్నాను.

మిషన్ హాలు దాకా ఎవరు మోస్తారో, ప్లగ్గు ఎక్కడుందో ముందే చూసుకో. శనివారం మధ్యాహ్నం బస్సుకి వస్తాను. నా కత్తెర, హుక్కుల డబ్బా నేనే తెస్తాను, నువ్వు కొనకు.

మీ పెద్దమ్మ