ఖాళీ చేసినా తాళం ఇవ్వని ఫ్లాష్

ప్రశ్న: మాది విండోస్ 7, 64 బిట్ పాత కంప్యూటర్. బ్రౌజర్‌లో ఆటలు, వీడియోలు ఆడించే ఫ్లాష్ ప్లేయర్‌ని కంట్రోల్ ప్యానెల్‌లోంచి తీసేశాను. జాబితాలో పేరు కూడా పోయింది. కానీ విండోస్ ఫోల్డర్‌లో ‘మాక్రోమెడ్’ అని ఒకటి మిగిలింది. డిలీట్ కొడితే ‘ఫైలు వాడకంలో ఉంది’ అంటోంది. మూడు రోజులుగా దీంతోనే తంటాలు. అలా వదిలేస్తే పోలా?
– ఒక పాఠకురాలు

జవాబు: వదిలేయకండి. 2020 డిసెంబరు 31తో అడోబీ ఫ్లాష్‌కి నీళ్లొదిలేసింది. ఇక అందులో హ్యాకర్లు దూరే ఏ కన్నం బయటపడినా పూడ్చే నాథుడు లేడు. (అడోబీ కంటే ముందు ఫ్లాష్ మాక్రోమీడియా అనే కంపెనీది. దాన్ని అడోబీ 2005లో కొనేసింది. ఫోల్డర్‌కి మాత్రం పుట్టింటి పేరే ఉండిపోయింది.)

ఆ ఫైలు మొండిది కాదండీ, దాన్నెవరో పట్టుకుని కూర్చున్నారు. ముందు వాళ్లని లేపాలి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ మూసేయండి. డెస్క్‌టాప్ మీద గ్యాడ్జెట్లు ఉంటే అవీ తీసేయండి, అవి నడిచేది దాని ఇంజిన్ మీదే. తర్వాత స్టార్ట్ మెనూలో ‘సర్వీసెస్’ అని కొట్టి, అడోబీ ఫ్లాష్ ప్లేయర్ అప్‌డేట్ సర్వీస్ కనిపిస్తే ఆపి, ‘డిసేబుల్డ్’ చేయండి. టాస్క్ షెడ్యూలర్‌లో ‘అడోబీ ఫ్లాష్ ప్లేయర్ అప్‌డేటర్’ ఉంటే తీసేయండి. చాలామంది మరిచిపోయేది దీన్నే.

ఏదైనా తేడా వస్తే వెనక్కి వెళ్లడానికి ఒక రీస్టోర్ పాయింట్ పెట్టుకుని కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి. విండోస్ గుర్తు రాకముందే ఎఫ్8 నొక్కుతూ ఉంటే సేఫ్ మోడ్ దొరుకుతుంది. అందులో విండోస్ అత్యవసరమైన వాటితోనే నడుస్తుంది. ఇప్పుడు మాక్రోమెడ్ ఫోల్డర్ తీసేయండి. అది రెండు చోట్ల ఉండొచ్చు: సిస్టమ్32లో ఒకటి, సిస్‌వావ్64లో ఒకటి.

ఇక్కడ జాగ్రత్త. పేర్లు తిరగబడి ఉంటాయి. 64 బిట్ విండోస్‌లో 64 బిట్ ఫైళ్లుండేది సిస్టమ్32లో, 32 బిట్‌వి సిస్‌వావ్64లో. కొత్తల్లో నేను సిస్టమ్32 అంటే పాత 32 బిట్ సరుకనుకున్నాను. విండోస్ వద్దంటున్నా ఓనర్‌షిప్ నా పేరు మీదికి మార్చుకుని మరీ కొన్ని ఫైళ్లు పీకేశాను. మర్నాడు కంప్యూటర్ లేవలేదు. మీరు మాక్రోమెడ్ గడప దాటకండి.

సేఫ్ మోడ్‌లోనూ ‘అనుమతి లేదు’ అంటే, ఆ ఒక్క ఫైలు ప్రాపర్టీస్‌లో రీడ్ ఓన్లీ టిక్కు తీసి చూడండి. అప్పటికీ కాకపోతే సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్, ఓనర్ – ఈ వరసలో వెళ్లి మీ పేరు పెట్టుకోండి, మీకు ఫుల్ కంట్రోల్ ఇచ్చుకోండి. ఆ ఒక్క ఫైలుకే సుమా. రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు రాసుకునే చిట్టా) మిగిలిన ఫ్లాష్ పేర్ల జోలికి వెళ్లొద్దు. ఫైళ్లు లేని ఆ పేర్లు ఏ హానీ చేయవు.

చివరిగా యాప్‌డేటా, రోమింగ్, మాక్రోమీడియా లోపల ‘షేర్డ్ ఆబ్జెక్ట్స్’ అని ఉంటుంది. పిల్లలు ఫ్లాష్ ఆటల్లో ఎన్నో లెవెల్ దాకా వచ్చారో ఆ చిన్న ఫైళ్లలోనే దాక్కుని ఉంటుంది. నేనైతే వాటిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాకే తీశాను.