వీణా, గిటారా అని తేల్చే ముందు కుడిచేతి సంగతి చూద్దాం

ప్రశ్న: సాలూరు నుంచి రాస్తున్నాను. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. ఏడేళ్లుగా వీణ నేర్చుకుంటోంది. రెండేళ్ల నుంచి గిటార్ కూడా వాయిస్తోంది. గిటార్ పట్టుకున్నాక మీటు పాడైపోయిందని వీణ టీచరు గారు కోప్పడుతున్నారు. గిటార్ మాస్టారేమో కుడిచేతి గోళ్లు పెంచమంటున్నారు. అమ్మాయి ఇంజనీరింగ్ వద్దు, సంగీతంలోనే ఉంటానంటోంది. పైగా నలభై వేలు పెట్టి ఎలక్ట్రిక్ గిటార్ కొనమంటోంది. రెండింటిలో ఏది వదిలేయమని చెప్పాలి? దీంతో బతకగలదా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఇప్పుడే ఏదీ వదిలేయమని చెప్పకండి. మీరు అడిగినవాటిలో ముందు తేల్చుకోవాల్సింది మీటు సంగతి, అంటే కుడిచేతి వేళ్లతో తీగను పలికించే తీరు. అది తేలితే చదువు, ఉద్యోగం, డబ్బు గురించి మాట్లాడుకోవడం తేలికవుతుంది. ఎందుకంటే తీగ వాయిద్యం వాయించేవాళ్లకు రేపు ఎవరైనా పిలిచి డబ్బిచ్చేది కుడిచేయి పలికించే నాదాన్ని చూసే. ఎడమచేయి ఎంత చురుగ్గా తిరిగినా మీటులో పస లేకపోతే రికార్డింగ్‌లో రెండో నిమిషానికే దొరికిపోతారు.

వీణ టీచరు గారి మాటలో నిజం ఉంది. వీణ మీద చూపుడువేలు, మధ్యవేలు తీగను పైనుంచి కిందికి మీటుతాయి. పక్కనున్న మూడు తాళం తీగలను చిటికెనవేలు కింది నుంచి పైకి మీటుతుంది. బొటనవేలికి దాదాపు పని లేదు. గిటార్‌లో లెక్క వేరు. బొటనవేలు లావు తీగలను కిందికి మీటుతుంటే చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లు మిగతా తీగలను పైకి, అరచేతి వైపు లాగుతాయి. అక్కడ చిటికెనవేలికి పని లేదు. అంటే అవే వేళ్లు రెండు చోట్లా వేర్వేరు దిక్కుల్లో పనిచేయాలి. పొద్దున వీణ, సాయంత్రం గిటార్ అయితే చేయి సర్దుకుంటుంది. ఒకటి దించి వెంటనే రెండోది ఎత్తుకుంటే తడబడుతుంది.

అయితే టీచరు గారి చెవికి నొప్పి కలిగిస్తున్నది ఈ దిక్కుల గొడవ కాకపోవచ్చు. ఎన్నిసార్లు మీటుతోందన్నదే అసలు సంగతి అని నా అనుమానం. గిటార్‌లో చాలావరకు స్వరానికొక మీటు పడుతుంది. కార్డ్‌ను (కలిపి పలికే స్వరాల గుంపును) విడదీసి ఒక్కో తీగనూ వరసగా పలికించే పద్ధతిని అమ్మాయి రోజూ సాధన చేస్తూ ఉండాలి. ఆ అలవాటుతో వీణ దగ్గరకొస్తే ప్రతి స్వరాన్నీ మీటుతుంది. వీణలో అలా కుదరదు. అక్కడ ఒక్క మీటు కొట్టి, ఆ నాదం ఆరిపోయేలోపు ఎడమచేత్తో తీగను పక్కకు లాగి గమకాలన్నీ (స్వరాల ఊగులు, జారులు) పలికించాలి. వీణ విద్వాంసుడు ఎస్. బాలచందర్ ఒకే మీటు మీద ఎంత దూరం స్వరాలు లాగేవారో పాత రికార్డింగుల్లో వినిపించండి, అమ్మాయికి వెంటనే అర్థమవుతుంది. మన ఈమని శంకరశాస్త్రి గారి వీణ పాడుతున్నట్టు వినిపించడానికీ మీటు ఎక్కడ వేయాలో, ఎక్కడ మానాలో తెలియడమే కారణం.

ఇంట్లోనే ఒక పరీక్ష పెట్టొచ్చు. తనకు బాగా వచ్చిన గీతంలో మొదటి పంక్తిని ముందు నోటితో పాడమనండి. తర్వాత అదే పంక్తిని వీణ మీద వాయించమనండి. పాటలో కొత్త అక్షరం ఎక్కడ మొదలవుతుందో అక్కడే మీటు పడాలి. అక్షరం దీర్ఘమై మూడు నాలుగు స్వరాల మీదుగా సాగితే మీటు మొదట్లో ఒక్కటే. మిగిలిన స్వరాలను ఎడమచేయి తీగను లాగిగానీ మెట్ల (తీగల కింద అడ్డంగా ఉండే లోహపు పట్టీల) మీద జారిగానీ పలికించుకోవాలి. రెండింటినీ ఫోన్లో రికార్డు చేసి పక్కపక్కన వినండి. మీకు సంగీతం రాకపోయినా ఫరవాలేదు, పాటలో లేని చోట 'టక్ టక్'మని మీటు వినిపిస్తే మీరే పట్టేస్తారు. అలా వినిపిస్తే టీచరు గారు చెప్పింది నిజమే. కానీ దానికి మందు గిటార్ మానేయడం కాదు. నెల రోజులపాటు వీణ పట్టుకున్నప్పుడల్లా ముందు పాడి, తర్వాతే మీటాలి. అంతకంటే పెద్ద చికిత్స అక్కర్లేదు.

ఇక గోళ్లు. ఈ విషయంలో మహామహులే ఏకాభిప్రాయానికి రాలేదు. 19వ శతాబ్దం మొదట్లో స్పెయిన్ గిటారిస్టులు ఫెర్నాండో సోర్, డియోనీసియో అగ్వాడో మంచి స్నేహితులు. సోర్ గోళ్లు లేకుండా వేలికొనతో మీటేవాడు, అగ్వాడో గోళ్లతో. ఇద్దరూ కలిసి వాయించుకోవడానికి సోర్ ఒక యుగళ రచన కూడా చేశాడు. తర్వాత అదే దేశపు గిటారిస్టు తార్రేగా చివరి రోజుల్లో గోళ్లు తీసేశాడు. 20వ శతాబ్దంలో మరో స్పెయిన్ గిటారిస్టు సెగోవియా గోరూ వేలికొనా కలిపి మీటి పెద్ద హాళ్లను నింపాడు. అప్పటి నుంచి క్లాసికల్ గిటార్‌లో ఆ పద్ధతే ఎక్కువ నడుస్తోంది. కాబట్టి గిటార్ మాస్టారు చెప్పింది తప్పు కాదు, అలాగని అదొక్కటే దారీ కాదు.

మీ అమ్మాయి దగ్గర ఏ గిటార్ ఉందో మీరు రాయలేదు. స్టీలు తీగల అకూస్టిక్ అయితే గోళ్లు పెంచినా త్వరగా అరిగి విరుగుతాయి. దానికి పిక్ (వేళ్ల మధ్య పట్టుకుని మీటే చిన్న బిళ్ల) మేలు. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ అయితే గోరు వేలికొన దాటి ఒకటి రెండు మిల్లీమీటర్లు ఉంటే చాలు. అంచు గరుకు లేకుండా నున్నగా అరగదీసుకోవాలి. ఎడమచేతి గోళ్లు మాత్రం రెండు వాయిద్యాలకూ పొట్టిగానే ఉండాలి. వీణ మీద లోహపు తీగలు కాబట్టి సొంత గోళ్లతో మీటితే గిటార్ కోసం పెంచుకున్న గోళ్లు వీణ దగ్గర అరిగిపోతాయి. వేళ్లకు తొడుక్కునే తీగ గోళ్లు వీణకు వాడితే ఆ గొడవ తప్పుతుంది. చాలామంది విద్వాంసులు వాడతారు. అయితే సొంత గోరుతో వచ్చే నాదమే కావాలనే గురువులు ఉన్నారు, మీ టీచరు గారు ఆ పట్టుదల ఉన్నవారైతే వారి మాటే వినాలి. అప్పుడు గిటార్‌ను పిక్‌తో వాయించుకోవచ్చు.

పిక్ అనగానే తక్కువ రకం అనుకోకండి. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ యు. శ్రీనివాస్ ఎనిమిది తీగల మాండొలిన్‌ను అయిదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌గా మార్చుకుని, చిన్న పిక్‌తో కర్ణాటక సంగీతమంతా పలికించారు. మాండొలిన్ మీద గమకం సాధ్యం కాదన్నవాళ్ల ముందే వాయించి చూపించారు. ఆయన పిక్ కిందికీ పైకీ ఎంత సమంగా తిరిగేదో అమ్మాయిని గమనించమనండి. ఏ గిటారిస్టుకైనా అది పాఠమే. యూరప్‌లో ల్యూట్ అనే పాత తీగ వాయిద్యం వాయించేవాళ్లు ఈ దారిలోనే ఎదురు దిశలో నడిచారు. 15వ శతాబ్దం చివర్లో పిక్ వదిలి వేళ్లకు మారారు, ఒకేసారి రెండు మూడు వేర్వేరు వరసలు పలికించాలన్న కోరికతో. ఏ సంగీతం వాయించాలో ముందు తెలిస్తే, దానికి ఏ మీటు కావాలో దానంతటదే తేలుతుంది.

మీ అమ్మాయి విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. వీణ ముఖ్య వాయిద్యం, గిటార్ రెండోది. ఏడేళ్లు గురుముఖతా నేర్చుకున్న చేయి చిన్న ఆస్తి కాదు. గిటార్ వాయించే పిల్లలు ప్రతి కాలేజీలో పది మంది ఉంటారు. వీణ చక్కగా వాయిస్తూ, క్లిక్ ట్రాక్‌కు (రికార్డింగ్‌లో చెవిలో వినిపించే తాళపు టిక్కులకు) తగ్గట్టు లయ తప్పకుండా, కార్డ్‌లు కూడా తెలిసిన అమ్మాయి జిల్లా మొత్తం వెతికినా దొరకదు. రికార్డింగ్ స్టూడియోల్లో అలాంటివాళ్ల కోసమే చూస్తారు. చిట్టిబాబు గారు కచేరీ విద్వాంసుడిగా స్థిరపడక ముందు సినిమా సంగీతంలో ఏళ్లపాటు వీణ వాయించారు, మీ సాలూరి రాజేశ్వరరావు గారి దగ్గర కూడా. కాబట్టి గిటార్ తెచ్చే హార్మొనీ (స్వరాలను కలిపి పలికించే) జ్ఞానాన్ని తక్కువ చేయకండి, అది వీణకే పనికొస్తుంది.

బతుకుతెరువు సంగతి దాపరికం లేకుండా చెప్పాలి. కచేరీలు ఒక్కటే నమ్ముకుని బతికేవాళ్లు చాలా తక్కువ. నేను చూసినంతలో నిలదొక్కుకున్నవాళ్లందరికీ మూడు నాలుగు ఆదాయాలు ఉన్నాయి. మొదటిది పాఠాలు. అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న తెలుగు కుటుంబాల పిల్లలకు ఆన్‌లైన్‌లో వీణ చెప్పేవాళ్లకు పని బాగానే ఉంది. అమెరికా సాయంత్రం మనకు తెల్లవారుజాము కాబట్టి ఆ క్లాసులంటే పొద్దున్నే లేవాలి. రెండోది ఆకాశవాణి గ్రేడ్. ఆడిషన్‌లో నెగ్గితే బి, బి-హై, ఏ, టాప్ అని అంచెలు. డబ్బు సంగతి అలా ఉంచి, ఆ గ్రేడ్ పేరు పక్కన ఉంటే సభల్లో, స్కూళ్లలో గౌరవం వేరు. మూడోది ఉద్యోగం. కేంద్రీయ విద్యాలయాల్లో ప్రైమరీ మ్యూజిక్ టీచర్ పోస్టుకు ఇంటర్‌తో పాటు సంగీతంలో డిగ్రీ అడుగుతారు. కాలేజీలో చెప్పాలంటే పీజీ, యూజీసీ నెట్ లాంటి అర్హత పరీక్ష కావాలి. నెట్‌లో సంగీతం ఒక సబ్జెక్టుగా ఉంది. నాలుగోది స్టూడియో పని. దానికి హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉండాల్సి వస్తుంది.

పై మాటల్లో 'డిగ్రీ' అన్నది గుర్తుంచుకోండి. మన దగ్గర చాలామంది తల్లిదండ్రులు సంగీత కళాశాల డిప్లొమా ఉంటే అన్నీ ఉన్నట్టే అనుకుంటారు. విద్య పరంగా ఆ డిప్లొమా విలువైనదే. మీకు దగ్గర్లో ఉన్న విజయనగరం మహారాజా ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల 1919లో మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్, తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. అక్కడ వీణ సర్టిఫికెట్, డిప్లొమా చేయడం అదృష్టం అనే అంటాను. కానీ ఉద్యోగ ప్రకటనల్లో కొన్ని డిప్లొమాను డిగ్రీతో సమానంగా చూస్తాయి, కొన్ని చూడవు. అందుకే డిప్లొమాతో పాటు ఏదో ఒక డిగ్రీ, వీలైతే సంగీతం సబ్జెక్టుగా ఉన్నది, చేతిలో ఉండాలి. తర్వాత పీజీకి ఆంధ్ర విశ్వవిద్యాలయం, తిరుపతి పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం చూసుకోవచ్చు. 18 నుంచి 25 ఏళ్ల మధ్య కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ ఇచ్చే స్కాలర్‌షిప్ ఉంది, నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు. పద్దెనిమిది నిండగానే ప్రకటన కోసం కనిపెట్టుకుని ఉండండి.

ఎంపీసీ వృథా అయిందని బాధపడకండి. ఇంటర్ మాత్రం మధ్యలో ఆపనివ్వకండి, మంచి మార్కులతో పూర్తి చేయించండి. పుణె ఎఫ్‌టీఐఐలో (కేంద్ర ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో) సౌండ్ రికార్డింగ్ కోర్సుకు ఏ డిగ్రీ అయినా సరే, ఇంటర్‌లో ఫిజిక్స్ చదివి ఉండాలి. రెండు తీగ వాయిద్యాలు తెలిసిన చెవికి ఆ చదువు చక్కగా సరిపోతుంది. ఇది ఇవాళ నిర్ణయించాల్సింది కాదు, డిగ్రీ మూడో ఏడాదిలో ఆలోచించుకోవచ్చు. గిటార్ వైపు సర్టిఫికెట్ కావాలంటే ట్రినిటీ కాలేజ్ లండన్ గ్రేడ్ పరీక్షలు మన దేశంలోనూ రాయొచ్చు. ఇంటర్నేషనల్ స్కూళ్లలో వాటికి విలువ ఉంది. అవి డిగ్రీకి బదులు మాత్రం కావు.

ఒక్క జాగ్రత్త. రెండు వాయిద్యాలూ కలిపి గంటల తరబడి వాయించే పిల్లల్లో మణికట్టు, ముంజేయి నొప్పులు మామూలే. అరగంటకోసారి చేతులు దించి విశ్రాంతి ఇవ్వాలి. నొప్పి రెండు మూడు రోజులు తగ్గకపోయినా, వేళ్లు తిమ్మిరెక్కినా వాయించడం ఆపి డాక్టర్‌కు చూపించండి. నొప్పిని ఓర్చుకోవడమే సాధన అని ఎవరు చెప్పినా నమ్మకండి.

ఇద్దరు గురువులనూ ఎదురెదురుగా నిలబెట్టే పరిస్థితి అమ్మాయికి రానివ్వకండి. మీరే వెళ్లి వీణ టీచరు గారితో, "అమ్మా, వీణే దాని ప్రధాన వాయిద్యం, గిటార్ సాయంత్రం మాత్రమే, మీటు మీరు చెప్పినట్టే దిద్దుకుంటుంది" అని చెప్పండి. ఆ మాట మీ నోటి నుంచి వస్తే ఆవిడ మనసు కుదుటపడుతుంది. గిటార్ మాస్టారితో కూడా గోళ్ల విషయం ఇలాగే విప్పి మాట్లాడండి.

చివరగా ఆ నలభై వేలు. ఎలక్ట్రిక్ గిటార్ ఇప్పుడు వద్దు. దానికి యాంప్లిఫయర్ వేరే కావాలి, పైగా మీ అమ్మాయి నేర్చుకోవాల్సిన మీటుకు అది సాయపడదు. ముందు వీణను ఒకసారి పరీక్షగా చూడండి. ఏళ్ల తరబడి వాయించిన వీణలో మైనం మీద కూర్చోబెట్టిన మెట్లు కదిలి ఉండొచ్చు. అలా అయితే ఎంత చక్కగా మీటినా స్వరం తేడాగానే పలుకుతుంది, పిల్ల తన చేతిదే తప్పనుకుంటుంది. మీకు బొబ్బిలి దగ్గరే. పక్కనే ఉన్న గొల్లపల్లిలో పనస కర్రతో ఏకాండీ (ఒకే దుంగతో చేసే) వీణలు చెక్కేవాళ్లు ఉన్నారు. వీణ అక్కడికి తీసుకెళ్లి మేళం (మైనం మీది మెట్ల వరస) కొత్తగా కట్టించండి, తీగలు మార్పించండి. అమ్మాయిని వెంట తీసుకెళ్లి, పని అయ్యాక అక్కడే కూర్చుని వాయించి చూసుకోమనండి. ఇప్పటికే లేకపోతే, మిగిలిన డబ్బులో నైలాన్ తీగల మామూలు క్లాసికల్ గిటార్ ఒకటి వస్తుంది.