పాత ఫోటోల్లో పట్నాన్ని వెతుక్కోవడం గురించి శ్రావ్యకు

శ్రావ్యా,

నువ్వు పంపిన చార్మినార్ ఫోటో 1880 నాటిది కాదమ్మా. కింద ఎవరో అలా రాశారు, నిజమే, కానీ జూమ్ చేసి మధ్య కమాను పైన చూడు, గుండ్రటి గడియారం కనిపిస్తుంది. నాలుగు వైపులా ఆ గడియారాలు పెట్టింది 1889లో. ఆ ఫోటో అంతకు ముందుది అయ్యే అవకాశమే లేదు, ఆ తర్వాత ఎప్పుడైనా అయి ఉండొచ్చు. ఆ 'ఎప్పుడైనా'ని ఎలా కుదించుకుంటూ రావాలో చెబుతాను. పాత హైదరాబాద్‌ను ఫోటోల్లో వెతకాలని ఉందన్నావు కదా, అసలు పని అదే.

ముందు ఒక అలవాటు చేసుకో. ఫోటో దొరగ్గానే దాని కింద రాసింది చదవకు, అరచేత్తో మూసేయ్. తర్వాత మధ్యలో ఉన్న భవనాన్ని కూడా కాసేపు వదిలేసి అంచులు చూడు. కరెంటు స్తంభాలున్నాయా, రోడ్డు మీద బస్సు ఉందా (మన దగ్గర నిజాం రైల్వేవాళ్లు బస్సులు మొదలుపెట్టింది 1932లో), దుకాణాల ముందు తాటాకు పందిళ్లున్నాయా, రేకులా, రాతి కమాన్లా. చార్మినార్ నాలుగొందల ఏళ్లుగా ఇంచుమించు అలాగే ఉంది కాబట్టి తన వయసు తను చెప్పదు, పక్కనున్నవే చెబుతాయి. చార్మినార్‌కి ఉత్తరంగా పత్తర్‌గట్టీ బజారు రాతి వరండాలు వరసగా కనిపిస్తున్నాయనుకో, అది 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడ్డాక తీసిన ఫోటో. అవి లేకుండా కొట్లన్నీ ఎగుడుదిగుడుగా ఉంటే దానికి ముందుది అయ్యే అవకాశం ఎక్కువ. గడియారం, రాతి వరండా, బస్సు, ఈ మూడింటితోనే సగం ఫోటోలకు ఒక పదేళ్ల అటూఇటూలో తేదీ కట్టేయొచ్చు.

ఇక మూసీ. నన్నడిగితే చార్మినార్ కన్నా మూసీ ఒడ్డు ఫోటోలతో మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే అక్కడ గీత గీసినట్టు ఒక తేదీ ఉంది. 1908 సెప్టెంబర్ 28. ఆ రోజు వరదకి అఫ్జల్‌గంజ్ వైపు నది ఒడ్డున ఉన్న పేటలకు పేటలే కొట్టుకుపోయాయి. వరద తర్వాత ఇంజనీరు విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు, ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు కట్టారు, ఒడ్డు మీద ఆర్కిటెక్ట్ విన్సెంట్ ఎష్ గీసిన పెద్ద పెద్ద భవనాలు లేచాయి. ఒక ఒడ్డున హైకోర్టు, ఎదుటి ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి. వంతెన మీంచి తీసిన ఫోటోలో హైకోర్టు గుమ్మటాలు కనిపిస్తే అది 1920 ప్రాంతంలోనో, ఆ తర్వాతో తీసినదన్నమాట. వాటి బదులు నీళ్ల అంచున కోటగోడ, దర్వాజాలు, వాటి వెనక ఇళ్లు ఒకదాని మీద ఒకటి ఒరిగినట్టు కనిపిస్తే నువ్వు వరదకి ముందున్న నగరాన్ని చూస్తున్నావు. ఆ దర్వాజాల్లో ఇప్పటికి మిగిలినవి పురానాపూల్ దర్వాజా, దబీర్‌పురా దర్వాజా మాత్రమే. పక్కనున్న పురానాపూల్ వంతెన 1578 నాటిది, అంత వరదనీ తట్టుకుంది. ఒకసారి వెళ్లి దాని రాతి కమాన్లు దగ్గర్నుంచి చూసి రా, ఫోటోల్లో మళ్లీ ఎక్కడ తగిలినా గుర్తుపట్టేస్తావు.

వరద ఫోటోల గురించి ఇంకో మాట. పాత హైదరాబాద్ ఫోటోల్లో మామూలు జనం ఇళ్లు దాదాపు కనిపించవు. దేవిడీలు (నవాబుల పెద్ద ఇళ్లు), మహల్‌లు, రెసిడెన్సీ (బ్రిటిష్ ప్రతినిధి భవనం), దర్బార్లు, వేట, ఇవే. ఫోటో తీయించుకోగలిగినవాళ్లు ఎవరో వాళ్లవే తీశారు, అందులో వింతేం లేదు. సున్నం, మట్టి, పెంకుల మామూలు ఇల్లు ఫోటో మధ్యలోకి వచ్చింది 1908లో, అదీ కూలిపోయాక. ఆ ఫోటోలు చూసేటప్పుడు శిథిలాలని ఊరికే వదిలేయకు. గోడ ఎంత మందమో, దూలాలు ఎలా పెట్టారో, లోపలి గూళ్లు ఎక్కడున్నాయో, నిలబడి ఉన్న ఇంట్లో బయటికి కనపడనివన్నీ అక్కడ తెలుస్తాయి. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది, ఆ రోజు దాని కొమ్మలెక్కి నూట యాభై మంది దాకా బతికారని చెబుతారు. వీలైతే దాన్నీ చూడు.

ఎవరు తీశారన్నది కూడా పట్టించుకో. ఎక్కువసార్లు నీకు తగిలే పేరు లాలా దీన్ దయాళ్. మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇందోర్‌లో పబ్లిక్ వర్క్స్ ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టి, చివరికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు. ఆయన తీసిన భవనాల్లో గీతలు అంత నిటారుగా ఉండటానికి ఆ ఇంజనీరు కన్నే కారణమని నా నమ్మకం. ఆయన పోయింది 1905లో. కాబట్టి వరద ఫోటో ఒకటి పెట్టి 'స్వయంగా దీన్ దయాళ్ తీసినది' అని ఎవరన్నా రాస్తే నవ్వుకుని ఊరుకో. ఆయన తర్వాత కొడుకు స్టూడియో నడిపాడు, అది వేరే సంగతి.

వీధులు ఖాళీగా కనపడితే 'అబ్బ, అప్పట్లో ఎంత ప్రశాంతంగా ఉండేదో' అనుకోకు. మరీ పాత ఫోటోల్లో, ముఖ్యంగా తడి ప్లేటు రోజుల్లో (గాజు పలకకి మందు పూసి, అది ఆరకముందే ఫోటో తీసేవాళ్లు), లెన్సు కొన్ని సెకన్ల పాటు తెరిచి ఉంచాల్సి వచ్చేది, ఆ లోపు నడిచి వెళ్లినవాళ్లు పడేవాళ్లు కాదు, పడినా పొగలా ఉంటారు. కూర్చున్న బిచ్చగాడు, గోడకి ఆనుకున్న సిపాయి, కట్టేసిన ఎడ్లు మాత్రం స్పష్టంగా పడతాయి. నేల దగ్గర చెదిరిన మరకల్లాంటివి వెతికితే ఆ వీధిలో జనం ఎంతమందో తెలుస్తుంది.

కొన్ని ఫోటోలు కుడి ఎడమైపోయి ఉంటాయి, నెగెటివ్‌ను తిరగేసి ప్రింటు వేయడం వల్ల. బోర్డు మీద ఉర్దూ అక్షరాలుంటే ఇట్టే దొరికిపోతుంది, నీకు ఉర్దూ రాకపోతే చదవగలిగిన స్నేహితురాల్ని పక్కన పెట్టుకో. బోర్డు లేకపోతే దిక్కులతో చూడు. చార్మినార్ ముందు గుల్జార్ హౌజ్ అనే ఫౌంటెన్ కనిపిస్తోందంటే ఫోటో తీసినాయన ఉత్తరాన నిలబడి దక్షిణం వైపు చూస్తున్నాడు, అప్పుడు మక్కా మసీదు కుడివైపే ఉండాలి. ఎడమవైపు ఉందా, తిరగేసిన ప్రింటే.

అసలు మజా మాత్రం ఆ చోటు దొరకబుచ్చుకుని నిలబడటంలో ఉంది. దానికో లెక్కుంది. ఫోటోలో దగ్గరగా ఉన్న ఒక మూల, దాని వెనక దూరంగా ఉన్న ఇంకో మూల ఎంచుకో, ఒక స్తంభం అంచు, దాని వెనక మినారు అంచు అనుకో. అక్కడికెళ్లి ఆ రెండూ ఫోటోలో ఎలా ఒకదాన్నొకటి కప్పుకున్నాయో అలా కనిపించేదాకా పక్కకి జరుగుతూ పో. ఆ తర్వాత రెండింటి సైజు నిష్పత్తి కుదిరేదాకా ముందుకో వెనక్కో నడువు. అంతా కుదిరినా నేల ఫోటోలో ఎక్కువగా కనిపిస్తోందంటే ఆయన మేడ మీంచి తీశాడని, ఇక ఎవరి మేడో వెతుక్కోవాలి. పొద్దున్నే వెళ్లు, జనం తక్కువ, నీడలు పొడవు, ఆటోవాళ్లతో పేచీ ఉండదు. కోఠిలోని రెసిడెన్సీకి మాత్రం ముందుగా అనుమతి అడుగు, అది ఆడపిల్లల కాలేజీ, ఇప్పుడు యూనివర్సిటీ. పత్రికల్లో వచ్చే ఆ పెద్ద స్తంభాల ముందుభాగం అక్కడిదే, బ్రిటిష్ రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ కట్టించాడు.

అన్ని చోట్లా నిలబడటానికి చోటుండదు, అది కూడా చెప్పాలి. బషీర్‌బాగ్ అనే పేరు రోజూ బస్సు కండక్టర్ నోట వింటావు, ఆ బషీర్‌బాగ్ ప్యాలెస్ నిజాం దగ్గర ప్రధాని చేసిన ఆస్మాన్ జా కట్టించుకున్నది, దాని డ్రాయింగ్ రూమ్ దాకా దీన్ దయాళ్ ఫోటోలున్నాయి, భవనం మాత్రం లేదు. సెక్రటేరియట్‌లో ఉన్న సైఫాబాద్ ప్యాలెస్‌ని 2020లో పడగొట్టారు, నేను దాన్ని చాలాసార్లు చూసినా సరైన ఫోటో ఒక్కటి లేదు నా దగ్గర. ఇలాంటి చోట్లకి పాత పటం కావాలి. 1912 ప్రాంతంలో లియోనార్డ్ మన్ నగరాన్నంతా సర్వే చేసి గీయించిన పటాలు ఆన్‌లైన్లో దొరుకుతాయి, వాటిలో సందులు కూడా గీశారు. పటం ఒక పక్క, ఫోటో ఒక పక్క, ఇప్పటి గూగుల్ మ్యాప్ ఇంకో పక్క పెట్టుకుని కూర్చో, భోజనం గుర్తురాదు నీకు.

శిలాఫలకాలు, పాత కాగితాల మీద సంవత్సరం చూసి కంగారుపడకు. హిజ్రీ అయితే మార్చే లెక్క వేరు, 1300 అంటే 1882-83. ఫసలీ (నిజాం సర్కారు పన్నుల లెక్కకి వాడిన సంవత్సరం) అయితే సులువు, 590 కలిపితే సరి, 1320 ఫసలీ అంటే 1910-11. నిజాం సర్కారు కాగితాల్లో ఫసలీయే ఎక్కువ.

రంగుల ఫోటోలు నమ్మకు. పాత పోస్టుకార్డుల మీద రంగులు చాలావరకు తర్వాత వేసినవే, ఆ గోడ నిజంగా గులాబీ రంగులో ఉందనుకోవద్దు. ఇప్పుడు వాట్సాప్‌లో తిరిగేవి ఇంకా ఘోరం, ఏఐతో 'క్లియర్' చేసినవి. గడియారం అంకెలు, బోర్డు మీది అక్షరాలు దగ్గరగా చూడు, గజిబిజిగా ఉంటే ఆ ఫోటోతో పనిలేదు, అసలుది వెతుక్కో.

ఎక్కడ వెతకాలంటే, బ్రిటిష్ లైబ్రరీ కర్జన్ కలెక్షన్‌లో 1892 నాటి నిజాం రాజ్యం దృశ్యాల ఆల్బమ్ ఉంది, ఢిల్లీలో ఇందిరాగాంధీ కళాకేంద్రం దగ్గర దీన్ దయాళ్ గాజు నెగెటివ్‌లు వేలల్లో ఉన్నాయి, మన తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్ ఉంది. ఇవి కాక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్, గురువారం జుమ్మేరాత్ బజార్. బేరం గట్టిగా ఆడు, కానీ ఎవరి ఇంటి ఆల్బమ్ నుంచో చింపిన ఫోటోలు కొనకు, కొనేవాళ్లుంటే చింపేవాళ్లూ పెరుగుతారు. పాత బస్తీలో ఎవరైనా పెద్దాయన తన ఫోటో చూపిస్తే అక్కడే, ఆయన ముందే ఫోన్‌తో కాపీ తీసుకుని, వెనక వైపు రాసింది కూడా తీసుకుని తిరిగిచ్చెయ్. 'స్కాన్ చేసి తెస్తా' అని పట్టుకుపోయినవాళ్ల మీద అక్కడ చాలామందికి కోపం ఉంది.

ప్రతి ఫోటోకి ఎక్కడ దొరికింది, ఎవరిచ్చారు, నువ్వు ఏ గుర్తు చూసి ఏ తేదీ అనుకున్నావు, ఈ మూడూ ఆ రోజే రాసిపెట్టు. ఫైల్‌కి 'చార్మినార్ కొత్తది 2' లాంటి పేర్లు పెడితే నేను చూడను, ముందే చెబుతున్నా. ఉస్మానియా దగ్గర ఫోటో తీసేటప్పుడు రోగులూ వాళ్ల బంధువులూ ఫ్రేములోకి రాకుండా చూసుకో, ఎవరైనా వద్దంటే కెమెరా దించెయ్. అమ్మకి చెప్పి వెళ్లు.

మీ మామయ్య